క్రేన్ వెనక వేలాడే ఆ కాంక్రీట్ దిమ్మెల కథ

కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు వెళ్తే టవర్ క్రేన్లు చూసే ఉంటారు. పొట్టి చెయ్యి చివర కాంక్రీట్ దిమ్మెలుంటాయి కదా, ఈరోజు వాటి గురించే.

లెక్క మన తక్కెడ లెక్కే. పొడుగు చెయ్యి మీద 30 మీటర్ల దూరంలో 2 టన్నులు ఎత్తితే 60 టన్ను-మీటర్లు. వెనక 12 మీటర్ల దగ్గర 5 టన్నులు పెట్టినా అదే 60. కాకపోతే హుక్ ఎప్పుడూ నిండుగా ఉండదు. అందుకే ఖాళీగా ఉంటే కొంచెం వెనక్కి, ఫుల్ లోడ్‌లో ముందుకి లాగేలా డిజైన్ చేస్తారు.

ఇక దిమ్మె. కాంక్రీట్ క్యూబిక్ మీటరుకి సుమారు 2400 కిలోలు. 2.5 మీటర్ల ఎత్తు, 1.25 వెడల్పు, 0.4 మందం అంటే 3000 కిలోలు. సెంట్రింగ్‌లో మందం 2 సెంటీమీటర్లు తగ్గిందా, 150 కిలోలు పోయినట్టే! "ఆ, ఏమవుద్దిలే" అంటారు సైట్లో. నాలుగు దిమ్మెలకి 600 కిలోలండీ. అందుకే తూకం వేయించి, బరువు దిమ్మె మీదే రాయాలి. లోపలి ఇనుము, ఎత్తే కొక్కేలు కూడా కంపెనీ డ్రాయింగ్ ప్రకారమే.

అసలు గండం బిగించేటప్పుడు. ముందు పొట్టి చెయ్యి, దానికి మాన్యువల్ చెప్పినన్ని దిమ్మెలే. తర్వాత పొడుగు చెయ్యి. మిగతా దిమ్మెలు ఆ తర్వాతే. తొందరపడి అన్నీ ముందే పెట్టేస్తే క్రేన్ వెనక్కి ఒరిగిపోవచ్చు, ఆ టైములో పైన మనుషులుంటారు. విప్పేటప్పుడు వరస తిరగేయాలి: పొడుగు చెయ్యి ముట్టుకునే ముందే ఆ మిగతా దిమ్మెలు కిందికి దిగాలి.