మన యీడువారి కీర్తి

ఒక వయస్సు వచ్చువరకు లోకమున ప్రసిద్ధులైనవారందఱు మనకంటె పెద్దవారే. వారి పటములను గోడకు అంటించుకొందుము. వారి నడకను, మాటతీరును, తలకట్టును అనుకరింతుము. వారితో మనకు పోలిక లేదు గనుక ఆ ఆరాధనలో బాధయు లేదు. పిదప నొక దినమున వార్తాపత్రికలో ఆటల పుట తెఱచినచో, అందున్న వీరుడు మన యీడువాడేనని తెలియును. మఱికొంత కాలమునకు ఆ వీరుడే వయస్సు మీఱినందున ఆటనుండి విరమించుచున్నాడని చదువుదుము. ముప్పదియేడేండ్లవానిని క్రీడాలోకము వృద్ధుడనును. అదే వయస్సున కచేరీలో మన మిత్రుడు మొదటి పదోన్నతికై యింకను ఎదురుచూచుచుండును.

పెద్దవారి కీర్తిని చూచి గౌరవింతుము. చిన్నవారి కీర్తిని చూచి దీవింతుము. సమవయస్కుల కీర్తిని చూచినపుడు మాత్రము లెక్క వేయుదుము: ‘ఆ వయస్సునకే అతడంత సాధించెను గదా, మనమేమి సాధించితిమి?’ ఈ లెక్క పైకి వినయమువలె కనబడును గాని లోలోపల దిగులును, ఒక్కొక్కప్పుడు ఈర్ష్యను పెంచును. నలువదవ పడిలో నున్నవారికి ఇది తెలియని సంగతి కాదు. ఈ లెక్క సరియైనదేనా యని శ్రోతలతో కలసి విచారింపదలచితిమి. అందులకు దూరము పోనక్కఱలేదు. మన తెలుగునాట ఆట నేర్చినవారే చాలుదురు.

2000 సెప్టెంబరు 19వ తేదీన సిడ్నీ ఒలింపిక్సులో శ్రీకాకుళము జిల్లాలో జన్మించిన శ్రీమతి కరణం మల్లీశ్వరి బరువులెత్తు పోటీలో కాంస్య పతకము గెలిచిరి. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారత మహిళ ఆమెయే. అప్పటికామె వయస్సు 25. తరువాతి సంవత్సరము మార్చి 11వ తేదీన శ్రీ పుల్లెల గోపీచంద్ బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ విజేతలైరి. ఆ దినముననే కొలకత్తాలో ఆస్ట్రేలియాతో టెస్టు ఆట ఆరంభమైనది. 14వ తేదీన శ్రీ వి.వి.ఎస్. లక్ష్మణ్, శ్రీ రాహుల్ ద్రావిడ్ పగలంతయు వికెట్టు పోకుండ నిలిచిరి. లక్ష్మణ్ 281 పరుగులు చేసిరి. ఫాలో ఆన్ ఆడిన మన జట్టు 171 పరుగుల తేడాతో గెలిచినది. నాలుగు దినముల వ్యవధిలో హైదరాబాదు క్రీడాకారులిరువురు లోకమును ఆశ్చర్యపఱచిరి. ఒకరికి 27 ఏండ్లు, ఒకరికి 26.

ఆనాడు వారి విజయమొక్కటే కనబడినది. నేడు అవే సంగతులను తిరుగవేసినచో, వాటి ప్రక్కనే యున్న వెలితియు కనబడును. మల్లీశ్వరి ఎత్తిన మొత్తము 240 కిలోలు. స్వర్ణ రజతములు పొందిన ఇరువురును ఎత్తినది 242.5 కిలోలు. చివరి ప్రయత్నమున ఆమె 137.5 కిలోలకు పూనుకొనిరి; అది నిలువలేదు. గోపీచంద్ సిడ్నీకి పోయి పతకము లేకయే తిరిగివచ్చిరి. 134 టెస్టులాడి 8,781 పరుగులు చేసిన లక్ష్మణ్‌కు ప్రపంచకప్పులో ఒక్క ఆటయైనను ఆడు అవకాశము కలుగలేదు. వారికంటె కొంత చిన్నవారైన మిథాలీ రాజ్, 1999లో తమ మొదటి అంతర్జాతీయ పోటీలోనే, పదునాఱేండ్ల ప్రాయమున, శతకము చేసిరి. 2005లోను 2017లోను ప్రపంచకప్ తుదిపోటీకి జట్టును నడిపి, రెండు మార్లును ఓటమినే చూచిరి. రెండవసారి తేడా 9 పరుగులు.

నడివయస్సు సమీపించిన ప్రతి యింటను ఇట్టి రెండున్నర కిలోల వెలితి యొకటి యుండును. ఒకరికది ఒక్క మార్కుతో తప్పిన చదువు. ఒకరికి వయఃపరిమితి దాటిపోయిన ఉద్యోగ పరీక్ష. మఱొకరికి గవిసెనలో మూలనున్న వీణ. ఇరువదియైదేండ్లకు ఈ వెలితి ముందున్న దారివలె తోచును. నలువదియైదేండ్లకు అది వెనుకబడిన మైలురాయి. కావున మన యీడు ప్రసిద్ధులను నేడు చూడవలసినది వారి శిఖరమును కాదు, ఆ వెలితితో వారేమి చేసిరన్న దానిని.

2003 ప్రపంచకప్ జట్టులో చోటు లభింపని లక్ష్మణ్, ఆ యేడు డిసెంబరులోనే అడిలైడ్‌లో 148 పరుగులు చేసి విజయమునకు తోడ్పడిరి. గోపీచంద్ 2008లో గచ్చిబౌలిలో శిక్షణాలయము నెలకొల్పిరి. వారి శిక్షణలో సైనా నెహ్వాల్ 2012లో ఒలింపిక్ కాంస్యమును, పి.వి. సింధు 2016లో రజతమును గెలిచిరి. మల్లీశ్వరి 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నియమితులైరి. మిథాలీ 2022 వరకు ఆడి విరమించిరి. 2025 నవంబరు 2వ తేదీన నవీ ముంబైలో భారత మహిళలు ప్రపంచకప్ గెలిచినపుడు, ఆ కప్పును తెచ్చి మైదానముననే ఆమె చేతికిచ్చిరి.

దీనితో లోటు తీరిపోయినదని చెప్పుట మా యుద్దేశము కాదు. శిష్యుల పతకము గురువు మెడలో వ్రేలాడదు. 2017లో తప్పిన 9 పరుగులు తప్పినవే. అయినను, తాము తెఱవలేని తలుపు ముందు అలిగి కూర్చుండక, రాబోవు వారికి గడియ వదులు చేసి పోవుట యొకటి కలదు. అందులకు ఇరువదియైదేండ్ల కండబలము అక్కఱలేదు. నలువదేండ్ల ఓర్పు కావలెను. అది మనకును అందనిది కాదు. మూలనున్న వీణకు గవిసెన విప్పి, పొరుగింటి పిల్లకు సరళి స్వరములు చెప్పుటకు ఏ వయఃపరిమితియు లేదు.

పిల్లలకు ఈ వీరుల కథలు చెప్పునపుడు, 281 పరుగులను చెప్పి ఊరకుండవలదు. లభింపని ప్రపంచకప్పును, ఎత్తలేకపోయిన బరువును గూడ చెప్పవలెను. అప్పుడు వారు గెలుపును కోరుదురు, ఓటమికి జంకరు. మనకును ‘మనమేమి సాధించితిమి’ అను పాత లెక్క తీరి, ‘ఇకమీదట ఎవరికి ఉపకరింతుము’ అను ప్రశ్న మిగులును. దానికి సమాధానము చెప్పుకొనుటకు నడివయస్సు మించిన సమయము లేదు.