ఉబ్బసమునకు నిరూపితము కాని చికిత్సలు
(పురపాలక, రెవిన్యూ ఉద్యోగుల యెదుటఁ జేయఁబడిన యుపన్యాసము)



ఆయాసము తగ్గఁగానే ఉబ్బసరోగికి వ్యాధి కుదిరినట్లు తోఁచును. శ్వాసనాళములలోని వాఁపు మాత్రము పలుమాఱు నిలిచియే యుండును. దుమ్ము, పొగ, పడిసెము తగిలినచో ఆ నాళములు మరల ముడుచుకొనును. ఇట్లు తనంతటఁ దానే హెచ్చుచుఁ దగ్గుచు నుండు వ్యాధి గావున, తగ్గుటకు ముందు పుచ్చుకొనిన మందునకే కీర్తి దక్కుచున్నది.

హైదరాబాదునందు మృగశిర కార్తె ప్రవేశించునపుడు బత్తిని వారు పంచు చేపప్రసాదము ఇందుకుఁ బ్రసిద్ధమగు నుదాహరణము. పసుపుపచ్చని ముద్దను చిన్న కొఱ్ఱమీను నోటఁ బెట్టి, సజీవముగానే రోగిచేత మ్రింగింతురు. శాకాహారులకు బెల్లముతో నిత్తురు. ఈ యాచారము 1845 మొదలు సాగుచున్నదని ఆ కుటుంబమువారు చెప్పుదురు. సొమ్ము పుచ్చుకొనరు, ముద్దలోని వస్తువులను వెల్లడింపరు. ఉచితముగా నిచ్చుట దాతృత్వమునకు సాక్ష్యమే కాని, మందు గుణమునకు సాక్ష్యము గాదు. దానివలన ఉబ్బసము కుదురునని తగిన పరీక్షలలోఁ దేలియుండలేదు.

గుణము కనఁబడినదనువారు అసత్య మాడుచున్నారా? లేదు. 2011 సంవత్సరమున అమెరికాలోఁ బ్రకటింపఁబడిన పరీక్ష దీనిని విశదపఱచుచున్నది. అందు రోగులకు సాల్బుటమాలు ఇన్‌హేలరును, మందు లేని ఇన్‌హేలరును, సూదులు గ్రుచ్చినట్లు నటించు చికిత్సను వేర్వేరు దినముల నిచ్చిరి. మూఁటియందును నూటికి 45 మొదలు 50 వంతుల వఱకు నుపశమనము కలిగినదని వారు చెప్పిరి. కాని మొదటి సెకండులో వదలు గాలిని యంత్రముతోఁ గొలువఁగా, నిజమైన మందుతో నూటికి 20 వంతులు హెచ్చినది. తక్కినవానితో సుమారు 7 వంతులే. సుఖము తోఁచుట వేఱు, నాళము తెఱచుకొనుట వేఱు. ప్రాణాపాయము ఈ రెంటి నడుమనే పొంచియున్నది.

కావున ఇట్టి సమ్మర్దములయందు ఉద్యోగులు గమనింపవలసినవి:

1. రోగులను బరిహసింపరాదు. పరిహాసమునకు జడిసినవాఁడు తాను మ్రింగినదానిని వైద్యునికిఁ జెప్పఁడు.

2. వాఁపును దగ్గించు ఇన్‌హేలరును వైద్యుని యనుమతి లేక మానరాదని మైకులలోను, ప్రకటనపత్రములలోను జాటవలెను.

3. పేరును, పాళ్లును దెలుపక అమ్ము పొడులను, మాత్రలను మందుల తనిఖీదారునకుఁ దెలుపవలెను. అట్టివానిలో స్టెరాయిడ్లు రహస్యముగాఁ గలుపఁబడిన సందర్భములు పలుచోట్ల బయటపడినవి.

4. మాట తెమలనంత ఆయాసము గలవారిని, పెదవులు నీలమైనవారిని తక్షణమే 108 బండిలో ఆసుపత్రికిఁ బంపవలెను. ప్రాణవాయువును, సాల్బుటమాలును స్థలమునందే సిద్ధముగా నుంచవలెను.

జనుల నమ్మకమును మాన్పుట ఉద్యోగుల వశము కాకపోవచ్చును. ఆ నమ్మకముచేత మందు మానకుండఁ జూచుట మాత్రము వారి వశమే.