నెల తప్పక ముందే కావలసిన మాత్ర

యల్లాప్రగడ సుబ్బారావును తలచుకునే చోట ఆరియోమైసిన్, మెథోట్రెక్సేట్ అనే మందుల పేర్లు ముందుకొస్తాయి. ఈ పూట ప్రసంగం మాత్రం ఏఎన్‌ఎం గర్భిణి చేతిలో పెట్టే ఐరన్-ఫోలిక్ యాసిడ్ మాత్ర గురించి. దాని కథ బొంబాయి ప్రసూతి వార్డుల్లో మొదలైంది.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్య పరిశోధకురాలు బొంబాయి వచ్చారు. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలు నిండు గర్భంతో పాలిపోయి, ఆయాసపడుతూ ఆసుపత్రికి వచ్చేవారు. ఐరన్ తగ్గితే రక్తంలోని ఎర్రకణాలు చిన్నవవుతాయి. వీళ్లలో కణాల సంఖ్య బాగా పడిపోయింది, ఉన్నవేమో మామూలుకన్నా పెద్దవి. అంటే జబ్బు వేరు. వాళ్లు ఏం తింటున్నారో విల్స్ ఆరా తీశారు. పండ్లు, కూరగాయలు, మాంసకృత్తులు అంతంతమాత్రం. కలిగిన ఇళ్ల ఆడవాళ్లలో ఈ జబ్బు అంతగా లేదు.

కాలేయం నుంచి తీసిన సారం ఇస్తే గుణం కనిపించేది. కానీ మిల్లు కూలీ ఇంటికి అంత ఖరీదైన మందు ఎక్కడిది? చౌకైన దానికోసం వెతికిన విల్స్‌కు మార్మైట్ దొరికింది. బీరు తయారీలో మిగిలిన ఈస్టుతో చేసి, బ్రిటన్‌లో రొట్టెకు రాసుకు తినే నల్లటి ముద్ద అది. తిన్న రోగులు కొద్ది రోజుల్లోనే తేరుకోసాగారు. 1931లో ఆ ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడ్డాయి. అదే ఏడాది ఆమె మద్రాసు గోషా ఆసుపత్రిలోనూ పనిచేశారు. తెలుగు జిల్లాలకు అప్పట్లో రాజధాని మద్రాసే.

మార్మైట్‌లో పనిచేసిన పదార్థమేదో మాత్రం తేలలేదు. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరను వడగట్టి, ఫోలిక్ యాసిడ్ అని తామే పేరు పెట్టిన పదార్థాన్ని పిసరంత రాబట్టారు. అలా తీస్తే ఎందరికి సరిపోతుంది? దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసిన ఘనత లెడర్లే అనే అమెరికా మందుల సంస్థది. 1945లో ఆ వార్త వెలువడేనాటికి అక్కడి పరిశోధనలకు సారథి 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల వ్యాధితో రోజుల తేడాలో చనిపోయారు. ఆయనకూ అది సోకి తగ్గింది. ఆ వ్యాధికి తర్వాత ఫోలిక్ యాసిడే మందైంది. ఈ రెంటినీ ముడిపెట్టి కథ అల్లడం తేలికే. లెడర్లేలో పని మాత్రం కాలేయం, ఈస్టు, కోడిపిల్లలు, బాక్టీరియాల మధ్య ఏళ్ల తరబడి ఓపిగ్గా నడిచింది.

1991లో కథ మలుపు తిరిగింది. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 7 దేశాల్లో జరిపిన పరీక్ష ఫలితం అప్పుడు వెలువడింది. వెన్నెముక సరిగా మూసుకోని బిడ్డను అంతకుముందు కన్న తల్లులు, మళ్లీ గర్భం దాల్చక ముందునుంచీ రోజూ 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకున్నారు. ఆ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గింది. మిగతా స్త్రీలకు రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు.

చిక్కల్లా వేళదే. బిడ్డ మెదడు, వెన్నుపాము రూపుకట్టే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే రూఢి కాదు. మన దేశంలో 1970లో మొదలైన పథకం మాత్రం రక్తహీనతను దృష్టిలో పెట్టుకుని గర్భిణులకు మాత్రలిచ్చింది. ఆ పనీ పూర్తి కాలేదు: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణిగా పేరు నమోదయ్యాక వచ్చే మాత్ర తల్లి రక్తానికి పనికొస్తుంది గానీ, అప్పటికే ఏర్పడిపోయిన వెన్నును సరిచేయలేదు.

ఈ చిక్కును దాటేందుకు అమెరికా 1998 నుంచి బలవర్ధక పిండిలోనే ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి చేసింది. ఇక్కడ రేషన్ బియ్యంలో బలవర్ధక గింజలు కలిపితే, ప్లాస్టిక్ బియ్యమంటూ ఏరి పారేసినవాళ్లున్నారు. వాళ్ల భయం పోగొట్టినా లెక్క కుదరదు. నిబంధనల ప్రకారం ఆ బియ్యంలో కిలోకు ఉండే ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములే. కాబట్టి కొత్త కోడలికి మాత్రే అందాలి. ఊళ్లో అర్హులైన దంపతుల రిజిస్టరు ఉంటుంది. కుటుంబ నియంత్రణ లెక్కల కోసం రాసే ఆ పుస్తకంలో, నెల తప్పక ముందే ఆమె పేరు ఎక్కుతుంది.