కాటన్ మాట ఎక్కడిది?



గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో పుట్టి ప్రత్తిని ఎరగనివారుండరు. కొట్లో “కాటన్ చీర” అంటే అది ఇంగ్లీషని కూడా మనకు తోచదు. అయితే ఆ మాట ఇంగ్లీషువారి సొంతమూ కాదు. అరబ్బీలో ప్రత్తిని ‘ఖుత్న్’ అంటారు. స్పెయిన్‌కు ప్రత్తి సాగును తీసుకొనిపోయింది అరబ్బులే. అక్కడ ‘అల్’ కూడా తగిలించుకొని అది ‘అల్గొదోన్’ అయింది. ఫ్రెంచివారి నోట ‘కొతోన్’ అయి, 14వ శతాబ్దం నాటికే ఇంగ్లీషులో చేరింది. (ఆనకట్టల కాటన్ దొరగారి ఇంటిపేరు వేరు లెండి. అది గుడిసెలనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాట.)

ఇదంతా ఎందుకంటే, బి.సి. సర్టిఫికెట్‌లో ‘దూదేకుల, లద్దాఫ్’ అని చూసి మన పిల్లలు కొందరు నామోషీ పడుతున్నారు. దూదేకుల అచ్చ తెలుగు, దూదిని ఏకేవారు. మరి లద్దాఫ్? అది అరబ్బీ ‘నద్దాఫ్’, అర్థం అదే. నకారం లకారమైంది, అంతే! మన తాతలు భుజాన విల్లు వేసుకొని ఊరూరా తిరిగి పరుపులు కుట్టారు. మిషన్లు, ఫోమ్ పరుపులు వచ్చి విల్లు అటకెక్కింది, పేరు మిగిలింది. ‘కాటన్’ అని దర్జాగా పలికే కుర్రవాడు అదే భాషలోంచి వచ్చిన ‘లద్దాఫ్’ దగ్గర కలం ఎందుకు ఆపాలి?

ఎవరింట్లోనైనా పాత విల్లు ఉంటే దించండి. నారి మోగించి పిల్లలకు వినిపించండి.