ఛాయాచిత్రమునకు కూర్చుండుటకు ముందు



నేటి ప్రసంగ విషయమును విని కొందఱు నవ్వవచ్చును. పటము తీయించుకొనుటకు ప్రసంగమెందులకు? స్టూడియోకు పోవుదుము, చూపిన చోట కూర్చుందుము, నిమిషములో పని తీరును గదా యని తలంతురు. కాని కర్నూలు, కడప మండలములలో పెద్దల యిండ్ల గోడలను నేను చాలకాలముగా చూచుచున్నాను. దండ వేసిన పటములలో పెక్కు ఆ పెద్దలు జీవించియుండగా తమకై తీయించుకొన్నవి కావు. రేషను కార్డునుండియో, ఆధారు కార్డునుండియో, పెండ్లి గుంపులో వెనుక వరుసనుండియో తలను మాత్రము విడదీసి పెద్దది చేయించినవి.

మా యింటి సంగతియే చెప్పెదను. మా తల్లిగారు పోయిన మూడవనాడు పటము కొఱకు పెట్టెలన్నియు వెదకితిమి. రేషను కార్డుమీది అంగుళమంత బొమ్మ తప్ప మఱియొకటి దొరకలేదు. దానినే పట్టణమునకు పంపితిమి. పదియవనాటికి పటము వచ్చినది. చామనచాయ గల మా తల్లి తెల్లనిదైనది. చెంపలమీది ముడుతలు మాయమైనవి. ఆమె యెన్నడును కట్టని జరీ చీర భుజమున నిలిచినది. మా పినతల్లి ఆ పటము నెదుట చాలసేపు నిలిచి, "పటము బాగుంది నాయనా, మా యక్క యాడరా?" అని యడిగినది. నేను బదులు చెప్పలేకపోతిని. తప్పు పటము చేసినవానిది కాదు. ఆమెను ఒక్క ఉదయము వెలుతురులో కూర్చుండబెట్టి పటము తీయింపని తప్పు మాది.

పెద్దలు వెనుదీయుటకు రెండు కారణములు కనబడుచున్నవి. మొదటిది, పటము తీయించుకొన్నచో ఆయుష్షు తగ్గునను వెఱపు. పటము గతించినవారికే యను తలంపు మనకు మిక్కిలి పాతది. భాసుని ప్రతిమా నాటకమున భరతుడు మేనమామ యింటినుండి వచ్చుచు, అయోధ్య వెలుపల ప్రతిమాగృహమును ప్రవేశించును. అందు తన వంశపు రాజుల ప్రతిమలుండును. జీవించియున్నవారి ప్రతిమలను గూడ నుంచెదరా యని కావలివానిని అడుగును. లేదు, గతించినవారివే యని వాడు చెప్పును. ఆ వరుసలో దశరథుని రూపమును చూచిన భరతుని గుండె యేమైనదో మీరే యూహింపగలరు.

ఇది యొక పక్షము. రెండవ పక్షము తిరుమలలో నున్నది. శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి స్వామి సన్నిధిని చేతులు జోడించి నిలిచిన లోహప్రతిమలను మీలో ననేకులు చూచియుందురు. భుజములమీద వారి పేళ్ళును చెక్కబడియున్నవి. రాయలు తన రూపమును తన కాలముననే నిలుపుకొన్నాడు. కావున బ్రతికియుండగా రూపము నిలుపుట మన యాచారమునకు విరుద్ధము కాదు.

రెండవ కారణము, "ఈ ముసలి ముఖమునకు పటమెందుకు?" అనుమాట. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ చాళుక్యుడగు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమున చిత్రభేదములు చెప్పుచు, అద్దములోని ప్రతిబింబమువలె పోలిక గల దానికి విద్ధచిత్రమని పేరు పెట్టినాడు. అచ్చట కోరినది పోలిక, సొగసు కాదు. ముడుతయు, నెఱసిన మీసమును, ఎండకు కమిలిన నుదురును ఆ పోలికలోనివే.

మన సీమవారికి ఈ విషయమున మఱియొక బాధ్యత యున్నది. 1876-78 నడుమ వచ్చిన గొప్ప క్షామమును మన పెద్దలు ధాత కఱవని చెప్పెడివారు. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ కర్నూలు మండల జనసంఖ్య సుమారు నాల్గవవంతు తగ్గినది. ఆ కఱవు కాలమున హూపరను ఆంగ్ల సైనికోద్యోగి మద్రాసు రాజధానిలోని క్షామపీడితులను పటములు తీసినాడు. ఎముకల గూళ్ళయిన స్త్రీ పురుషులును, బిడ్డలును యంత్రము నెదుట కూర్చున్నారు. ఆ పటములు నేటికిని నిలిచియున్నవి. తీసినవాని పేరును నిలిచినది. కూర్చున్నవారు ఎవరి తల్లులో, ఎవరి బిడ్డలో ఆ పటములు చెప్పవు. అట్టి కఱవును దాటి వచ్చినవారి సంతతి మనము. మన యిష్టముతో, మన బట్టలతో, మన పేరుతో యంత్రము నెదుట కూర్చుండుట మనకు చిన్న సంగతి కాదు.

స్త్రీల విషయమున అశ్రద్ధ మఱింత హెచ్చు. హైదరాబాదున రాజా దీనదయాళ్ 1892లోనే ఘోషా స్త్రీల కొఱకు ప్రత్యేకముగా స్టూడియో నేర్పఱచి, అందు పటములు తీయుటకు స్త్రీనే నియమించెను. ఆనాడే అంత వసతి కలుగగా, నేడు మన యిండ్లలో అవ్వకు పటము లేకపోవుట మనకు తలవంపు గాదా?

ఇక సిద్ధమగు విధము చెప్పెదను. కాలము మొదట చూడవలెను. వైశాఖపు టెండలో బస్సెక్కి పట్టణము చేరునప్పటికి ముఖము వాడిపోవును. వేరుసెనగ పనులు తీరిన పిదప, చలికాలపు ఉదయము మేలు. క్షౌరము ముందునాడే చేయించుకొనవలెను. తలంటు పోసికొన్నచో ముఖమున నూనె జిడ్డు నిలువకుండ తుడుచుకొనవలెను. కడుపునకింత సంగటియో మజ్జిగయో పడినగాని ముఖమున కళ రాదు.

బట్టలు అలవాటైనవియే కట్టవలెను. పెట్టెలోని మడత విప్పని క్రొత్తబట్ట మీదికి దృష్టి పోవును, ముఖము మీదికి రాదు. తెల్లని పంచె, చొక్కా, రుమాలు మన వేషము. తెలుపు వెలుతురులో మిక్కిలి మెఱసి, పటములో ముఖము నల్లబడుట కలదు. అంతమాత్రమున వేషము మార్చవలదు. ముఖమును చూచి వెలుతురు సరిచేయుమని తీయువానితో చెప్పిన చాలును. రుమాలు కన్నులపై నీడ పడకుండ కొంచెము పైకి చుట్టవలెను. నిత్యము కంటియద్దములు పెట్టుకొనువారు వానితోనే కూర్చుండవలెను. అద్దములు మెఱసినచో గడ్డము కొంచెము దించిన తీరును. ముక్కుపుడక మొదలగునవి నిత్యము పెట్టుకొనునవి చాలును. ఎరవు నగలు వలదు.

1839లో ఫ్రాన్సు దేశమున దాగేరు పద్ధతి వెల్లడియైన క్రొత్తలో, నిమిషముల తరబడి కదలక కూర్చుండవలసియుండెను. తల కదలకుండ వెనుక ఇనుప ఆధారము నుంచెడివారు. నాటి పటములలో ముఖములు బిగిసియుండుటకు అదియొక కారణము. నేడు కనుఱెప్పపాటు చాలును. అయినను మనవారు ఊపిరి బిగబట్టుదురు. అట్లు చేయవలదు. వెంట మనుమనినో మనుమరాలినో తీసికొనిపోయి, వారితో పంటను గూర్చియో పశువులను గూర్చియో మాటలాడుచుండవలెను. అప్పుడు వచ్చు ముఖమే మన ముఖము. చేతులు కనబడునట్లు తీయుమనవలెను. కాడి పట్టిన చేయి, కొడవలి పట్టిన చేయి దాచదగినది కాదు.

తీయువానితో ముందుగనే రెండు మాటలు చెప్పవలెను: రంగు తెల్లబఱుపవలదు, ముడుతలు చెఱుపవలదు. ఈ కాలపు యంత్రములలో అది క్షణములో చేయు పని గనుక అడుగకయే చేయుదురు.

స్టూడియోకు పోలేనివారికి ఇంటి సెల్‌ఫోనును చాలును. తలుపు తెఱచి, వెలుతురు ప్రక్కనుండి ముఖమున పడునట్లు కూర్చుండబెట్టి, ఫోనును ముఖమునకు సరియెత్తున నాలుగైదడుగుల దూరమున పట్టవలెను. మఱి దగ్గఱ పట్టినచో ముక్కు పెద్దదై పోలిక చెడును. కాని ఫోనులోనే విడిచిన పటము ఫోనుతో పోవును. కాగితముమీద ముద్రింపించి, వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, తండ్రి పేరు, ఊరు, సంవత్సరము వ్రాసి, ఎండయు చెమ్మయు తగులని చోట నుంచవలెను. ఈ నాలుగు మాటలు లేని పటము మూడవతరమునకు ఎవరిదో తెలియని పటమగును.

ఇంటిలోని పిల్లలతో నొక మాట. పెద్దలు తమంతట తాము అడుగరు. "నా కెందుకులేరా" అని యందురు. ఆ మాటను నమ్మి నేను మోసపోతిని. మీరు నమ్మవలదు. ఈ చలికాలమున ఒక ఉదయము అవ్వను, తాతను వెలుతురులో కూర్చుండబెట్టుడు. రేపు వారి పటము నెదుట నిలిచినవారు "మా యక్క యాడరా?" అని యడుగక, "ఇదిగో మా యక్క" అని గుర్తించినచో, మీ శ్రమ ఫలించినట్లే.

సెలవు.