ఏడు పరీక్షల విజేత
(పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)



పరీక్షా ఫలితములను కార్యదర్శిగారు ఇంతకుముందే చదివి వినిపించిరి. కావున నేడు నేనొక క్రీడాకారిణిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. అందులకు కారణము కలదు.

ఈ సంవత్సరము మన ఎనిమిదవ తరగతి బాలికలు కొందరు ఆటల పోటీలనుండి విరమించుకొనిరి. "ఆడపిల్లకు ఎండలో పరుగులెందుకండీ? ఆ వేళకు కన్నడమో, లెక్కలో చదువుకొననిండు" అని ఒక తండ్రిగారు నాతో అనిరి. నేను మారుపలుకక ఆ బాలిక పేరు కొట్టివేసితిని. ఆ గీత నేటికిని నా మనస్సును బాధించుచున్నది.

జె. జె. శోభ 1978లో మన కర్ణాటకమున, ధారవాడ ప్రాంతమునందలి పశుపతిహాళ్ గ్రామమున జన్మించెను. పిదప తెలుగువారి సికింద్రాబాదు ఆమెకు నివాసమయ్యెను. తెలుగు మాటాడుచు కన్నడసీమలో బ్రదుకుచున్న మనకు ఆమె ప్రయాణము ఎదురుదారిన వచ్చిన బంధువువలె తోచును.

ఆమె ఎన్నుకొన్నది హెప్టాథ్లాన్. ఇందు ఏడు పోటీలు, రెండు దినములు. మొదటినాడు 100 మీటర్ల హర్డిల్సు, ఎత్తు దూకుట, 4 కిలోల ఇనుపగుండు విసరుట, 200 మీటర్ల పరుగు. రెండవనాడు పొడవు దూకుట, ఈటె విసరుట, కట్టకడపట 800 మీటర్ల పరుగు. ప్రతిదానికి మార్కులు వేసి, మొత్తము కూడి, విజేతను నిర్ణయింతురు. వేగముగ పరుగిడువారికి గుండు బరువగును. గుండు విసరు బలశాలికి 800 మీటర్లు దీర్ఘమగును. కావున అన్నిటను ప్రథమస్థానము పొందవలెనని లేదు, దేనిని విడిచిపెట్టరాదు.

శోభ 2002లో బూసాన్ ఆసియా క్రీడలలో కాంస్యపతకము గెలిచెను. 2003లో హైదరాబాదున జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడలలో స్వర్ణపతకము నందెను. 2004లో ఢిల్లీయందు 6,211 మార్కులతో జాతీయ రికార్డు నెలకొల్పెను. ఆ సంవత్సరమే అర్జున పురస్కారము లభించెను. 2006లో దోహాయందు మరల కాంస్యము గెలిచి, 2008లో బీజింగ్ ఒలింపిక్సునందును పాల్గొనెను.

అయినను నేను పిల్లలకు చెప్పదలచినది 2004 నాటి ఏథెన్సు ఒలింపిక్సు కథ. అచ్చట ఆమెకు పతకము రాలేదు. ఆరవ పోటీయగు ఈటె విసరుటలో చీలమండకు గాయమయ్యెను. ఆమెను మైదానమునుండి మోసికొనిపోయిరి. ఇక మిగిలినది 800 మీటర్లు. కాలికి బిగువుగా కట్టుకట్టించుకొని ఆమె తిరిగి వచ్చి, పరుగెత్తి, గమ్యము చేరెను. మొత్తము 6,172 మార్కులు, పదునొకండవ స్థానము.

పదునొకండవ స్థానమును గొప్పయందురా అని మీరడుగవచ్చును. ప్రగతిపత్రములో ఒక్క అంకెనే చూచు అలవాటు మనకున్నది. లెక్కలలో తగ్గిన పిల్లను "నీకు చదువు రాదు" అని ఎందరము అనలేదు? ఆ ఆటలో ఒక అంశమున తగ్గినవారికి మరియొకదానిలో పూరించుకొను అవకాశము కలదు. మన బిడ్డలకు మనమును అట్టి అవకాశము నీయవలదా?

ఇటీవల 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలలో ఇదే పోటీయందు తెలంగాణ బాలిక అగసర నందిని కాంస్యము గెలిచినది. మన ఆడపిల్లలకు చేతగాదన్న మాట ఇక చెల్లదు.

అమ్మలారా, అయ్యలారా! ప్రతి బాలికయు ఒలింపిక్సునకు పోవునని నేననను. వారమునకు రెండు సాయంకాలములు, గంటసేపు, ఉపాధ్యాయినుల సమక్షమున మన మైదానమున ఆడనిండు. ఆ గంటవలన చదువు చెడినచో నన్నడుగుడు. నేను కొట్టివేసిన పేరును నా చేతితోనే మరల వ్రాయుటకు అనుమతింపుడు. ఆ తండ్రిగారు ఈ సభయందే యున్నారు. వారి సమాధానమునకై వేచియుందును.