స్పేరు దొరకని యంత్రం
(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశాలు వెళ్ళివచ్చిన సభ్యులు తమ అనుభవాలు నాలుగు ముక్కలు చెప్పాలని కార్యదర్శిగారు ఆదేశించారు. నాకు ముందు మాట్లాడిన మిత్రులు నయాగరా జలపాతాన్ని కళ్ళకు కట్టినట్లు వర్ణించారు. నేనూ చూసింది అదే జలపాతం కనుక మళ్ళీ చెప్పి మిమ్మల్ని తడపను. బస్సుల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి చార్జిమాన్‌గా రిటైరైనవాణ్ణి. నాకు తెలిసింది ఇనుము. అందుచేత ఒక పాత గడ్డి కోత బండి గురించి, దానివల్ల నాకు కలిగిన కనువిప్పు గురించి మనవి చేస్తాను.

2017లో మేము దంపతులం ఒహాయో రాష్ట్రంలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాం. అమ్మాయి, అల్లుడు పొద్దున్నే ఆఫీసులకు పోతారు. నాలుగేళ్ళ మనవడు, మేమిద్దరం ఇంట్లో. మా ఆవిడకు వంటిల్లు ఉంది. నాకేముంది? వారం తిరిగేసరికి గోడలు లెక్కపెట్టడం మొదలైంది. మీలో వెళ్ళివచ్చినవారికి ఆ బాధ తెలిసే ఉంటుంది.

అక్కడ ప్రతి ఇంటి చుట్టూ గడ్డి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వారం వారం కోయాల్సిందే. ఇంత ఎత్తుకు మించి పెరగనివ్వకూడదని చాలా ఊళ్ళలో మునిసిపాలిటీ నిబంధన కూడా ఉంటుంది. మా అల్లుడు ఇల్లు కొన్నప్పుడు పాత యజమాని ఒక సవారీ మోవరు వదిలిపోయాడట. మీద కూర్చుని చిన్న ట్రాక్టరులా నడిపేది. అది కదిలితే కింద నుంచి రోలు రుబ్బినట్లు శబ్దం. "కొత్తది కొనాలి మావయ్యగారూ, రెండువేల డాలర్ల దాకా అవుతుంది. దీన్ని తుక్కుకి పంపేద్దాం" అన్నాడు. "వారం రోజులు గడువివ్వు బాబూ" అన్నాను.

ఈ యంత్రం పుట్టుక కూడా మన బోటి మెకానిక్కు చేతిలోనే జరిగింది. ఇంగ్లండులోని స్ట్రౌడ్ ప్రాంతంలో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన ఉన్ని బట్ట మీద నూగును కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి, అదే పద్ధతిలో గడ్డి కోయవచ్చు గదా అని ఆలోచించి 1830లో పేటెంటు పొందాడు. ఆయన యంత్రంలో బ్లేడులు స్థూపంలా దొర్లుతూ కోస్తాయి. మా అల్లుడి బండిలో అలా కాదు. బోర్లించిన మూకుడులాంటి ఇనుప డొప్ప ఉంటుంది. దాన్నే డెక్ అంటారు. దానికింద రెండు బ్లేడులు సీలింగు ఫాను రెక్కల్లా అడ్డంగా తిరుగుతాయి. ఇంజను నుంచి ఒక బెల్టు వచ్చి రెండు స్పిండిల్స్‌ని తిప్పుతుంది. డెక్ 42 అంగుళాలు, ఒక్కో బ్లేడు 21 అంగుళాలు.

ముందుగా స్పార్కు ప్లగ్గు వైరు పీకి పక్కన పెట్టాను. బ్లేడు దగ్గర చెయ్యి పెట్టేముందు చేయవలసిన మొదటి పని అదే. డెక్ ఊడదీసి చూస్తే ఎడమవైపు స్పిండిలు చేత్తో ఊపితే ఊగుతోంది. అల్లుడు నన్ను విడిభాగాల షాపుకి తీసుకెళ్ళాడు. కౌంటరు దగ్గరి కుర్రవాడు నంబరు కంప్యూటరులో కొట్టి, ఆ స్పిండిల్ సెట్టు ఇప్పుడు తయారు కావడం లేదని, నిల్వ కూడా లేదని చెప్పాడు. ఆ మాట వినగానే నాకు మన స్టోర్సు కిటికీ దగ్గర నిలబడ్డట్టే అనిపించింది. ఎన్నిసార్లు వినలేదు మనం! ఇండెంటు మీద ఎర్ర సిరాతో కొట్టేసి తిప్పి పంపితే, బస్సు ఆగిపోయిందా? తెల్లవారి ఐదింటికి రూటు మీదకి వెళ్ళింది కదా.

మన వర్క్‌షాపు నేర్పిన పాఠం ఒకటుంది. కంపెనీ పుస్తకంలో కొట్టేసేది తన నంబరునే. ఆ సెట్టు విప్పితే లోపల ఉండేది ఒక షాఫ్టు, రెండు బేరింగులు, ఒక గుల్ల, ఒక పుల్లీ. అందులో చాలావరకు లోకమంతా ఒకే కొలతతో దొరికేవే. బేరింగు అంచు మీద గ్రీజు తుడిచి భూతద్దం పెట్టి చూశాను. 6203 అని ఉంది. మనకు చిరపరిచితం: లోపలి రంధ్రం 17 మిల్లీమీటర్లు, బయట 40, మందం 12. కానీ షాఫ్టుకి వెర్నియరు పెడితే 15.9 లోపే వచ్చింది. ఇదేమిటని కాసేపు తల గోక్కున్నాను. అది అంగుళాల దేశం. షాఫ్టు అయిదు బై ఎనిమిది అంగుళం, అంటే 15.875 మిల్లీమీటర్లు. బయట 6203 కొలత, లోపల అంగుళపు రంధ్రంతో వాళ్ళకోసం ప్రత్యేకంగా చేసిన రకం. అంకె చూసి మామూలు 6203 తెచ్చి ఉంటే మిల్లీమీటరు పైగా వదులయ్యేది. అందుకే అంకె చదివినా, కొలవడం మానకూడదు. బేరింగుల షాపులో రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నవి వెంటనే దొరికాయి.

అసలు చిక్కు గుల్ల దగ్గర వచ్చింది. అది అల్యూమినియం పోత. పాత బేరింగు పట్టేసి, బయటి రింగు గుల్లలోనే తిరిగి తిరిగి గూడు అరగదీసింది. గూడు లోపల సెంటరు పంచితో చుక్కలు కొట్టి బిగించడం మనలో చాలామంది చేసిన పనే. నేనూ చేశాను. అది పూట గడిచే వైద్యం. నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్లేడుకి అది చాలదు.

పక్కింటాయన నాకంటే పెద్దవాడు. ఫ్యాక్టరీలో డైలు చేసి రిటైరయ్యాడు. గ్యారేజీలో చిన్న లేతు ఉంది. ఆయన ఇంగ్లీషు నాకు సగం, నాది ఆయనకు పావు అర్థమయ్యేది. కాగితం మీద బొమ్మ గీసి కొలతలు వేశాను. ఆయన తలూపి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఆ తర్వాత మా మధ్య భాష అక్కరలేకపోయింది. గూడును 46 మిల్లీమీటర్లకు బోరు చేసి, మూడు మిల్లీమీటర్ల గోడతో ఒక ఉక్కు స్లీవు తయారు చేశాం. గుల్లను మా అమ్మాయి వంటింటి అవెనులో వేడిచేసి, స్లీవును ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో పెట్టాం. వేడికి అల్యూమినియం వ్యాకోచించి, చలికి ఉక్కు ముడుచుకుని, రెండూ సుత్తి దెబ్బ లేకుండా కలిశాయి. గోంగూర డబ్బా పక్కన ఇనుప ముక్క చూసి మా ఆవిడ అన్న మాటలు మాత్రం ఇక్కడ చెప్పను.

మిగతావి సులువే. డెక్ నేలకి తగలకుండా పక్కన ఉండే చిన్న చక్రాల బుష్‌లు అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయి. కూరగాయలు తరిగే ప్లాస్టిక్ పలక పాతది ఒకటి అడిగి, అందులోంచి బుష్‌లు చేశాను. నూనె లేకుండానే జారుతుంది, తడికి ఉబ్బదు. డెక్‌ని వేలాడదీసే లింకు విరిగితే బద్ద ఇనుము కోసి రంధ్రాలు వేశాను. తడి గడ్డి అంటుకుని డొప్ప తుప్పుపట్టి చిల్లి పడిన చోట, తుప్పంతా గీకి రేకు అతికాను. బోల్టు గుండు తల లోపలికి, నట్టు బయటికి పెట్టాలి. లోపల ఏదీ ఊడి బ్లేడుకి తగలకూడదు. బెల్టు విషయంలో మాత్రం పొదుపు చేయలేదు. దారంతో పొడవు కొలిచి, అరమిడ్ దారాలున్న మోవరు బెల్టే కొన్నాం. మామూలు వీ-బెల్టు ఆ లాగుడికి తట్టుకోదు.

వారం కాలేదు, పదిరోజులు పట్టింది. బండి స్టార్టు చేస్తే రోలు శబ్దం పోయింది. అల్లుడు చప్పట్లు కొట్టాడు. నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను. మిత్రులారా, అసలు నేను చెప్పదలచుకున్నది ఇక్కడే మొదలవుతుంది.

గడ్డి బయటికి చిమ్మే మూతి దగ్గర ఒక రేకు తలుపు ఉంటుంది. స్ప్రింగుతో కిందికి వాలి ఉంటుంది. మా బండికి అది విరిగిపోయింది. అదీ దొరకలేదు. కోతకి అడ్డం రాదు కదా, వచ్చే ఆదివారం చూద్దాంలే అని దాన్ని వాయిదా వేశాను. అమ్మాయి, "నాన్నా, అన్నీ అయ్యాయా?" అని అడిగింది. "అన్నీ అయ్యాయమ్మా" అన్నాను.

రెండో వరుస కోస్తుండగా టప్పుమని శబ్దం. వెనకవైపు వసారా గాజు తలుపు పగిలి జలజలా రాలింది. నిమ్మకాయంత రాయి. ఆ తలుపు వెనక నిలబడి మనవడు నన్ను చూస్తూ చేతులూపుతున్నాడని నాకు తెలుసు. ఇంజను ఆపి దిగడానికి కాళ్ళు రాలేదు. దేవుడి దయవల్ల అంతకు క్షణం ముందే వాళ్ళ అమ్మమ్మ పాలు తాగడానికి పిలిస్తే లోపలికి వెళ్ళాడట. ఇల్లంతా ఒక్కరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు కాగితం తీసుకుని లెక్కవేశాను. అమెరికా ప్రమాణం ప్రకారం మోవరు బ్లేడు కొస వేగం నిమిషానికి 19,000 అడుగులు మించకూడదు. అంటే గంటకు దాదాపు 347 కిలోమీటర్లు. 21 అంగుళాల బ్లేడు నిమిషానికి సుమారు 3,450 చుట్లు తిరిగితే ఆ హద్దుకి చేరుతుంది. అంతటి వేగంతో రాయిని కొట్టేదానికి, నా మనవడికి మధ్య ఉండవలసినది ఆ రేకు తలుపొక్కటే. దాన్నే నేను వచ్చే ఆదివారానికి వాయిదా వేశాను.

ఆ రోజు కాగితం మీద రెండు వరుసలు రాసుకున్నాను. ఒకటి, చేతితో చేసుకోదగినవి: బుష్‌లు, లింకులు, చిన్న చక్రాలు, అతుకులు, కొలత సరిపోయిన బేరింగులు. ఇవి చెడితే బండి ఆగుతుంది, మనిషికి ముప్పు లేదు. రెండోది, సొంత తెలివి వాడకూడనివి. వంగిన బ్లేడు కొట్టి సరిచేయరాదు, పగిలినదాన్ని వెల్డింగు చేయరాదు, కొత్తదే వేయాలి. పదును పెట్టాక నడిమి రంధ్రాన్ని మేకుకి తగిలించి రెండువైపులా బరువు సమంగా ఉందో లేదో చూడాలి. దొరికింది కదా అని వేరే సైజు పుల్లీ వేయరాదు. చిన్నదైతే బ్లేడు వేగం హద్దు దాటుతుంది. మనిషి సీటు మీద నుంచి లేస్తే బ్లేడు ఆపే స్విచ్చిని వైరు కలిపి మాయ చేయరాదు. తోసుకుంటూ నడిచే మోటారు మోవర్లలోనైతే, చెయ్యి వదిలిన 3 సెకన్లలో బ్లేడు ఆగాలని అమెరికాలో నిబంధనే ఉంది. 1982 జూన్ 30 తర్వాత తయారైన వాటికి అది వర్తిస్తుంది. వేళ్ళు పోగొట్టుకున్నవారి వల్లనే ఇలాంటి నిబంధనలు పుడతాయి. ఇక కాపు రేకు లేకుండా స్టార్టు చేయనే రాదు.

పక్కింటాయన దగ్గరకు వెళ్ళి పగిలిన గాజు చూపించాను. ఆయన తన ఎడమచెయ్యి చాపి చూపించాడు. చిటికెన వేలు సగమే ఉంది. ఏమీ మాట్లాడలేదు. ఇద్దరం కలిసి మందపాటి ఉక్కు రేకు వంచి, కీలు, గట్టి స్ప్రింగు పెట్టి తలుపు చేశాం. చేత్తో ఎత్తి వదిలితే తనంత తానే పడాలి. నూరుసార్లు ఎత్తి వదిలి చూశాను. ఆ తర్వాత కూడా గడ్డి కోసేటప్పుడు పిల్లవాడు ఇంటి ముందువైపు గదిలోనే ఉండాలని షరతు పెట్టాను. కోసే ముందు రాళ్ళు ఏరడం నా డ్యూటీ.

కొత్త గాజుకి అయిన ఖర్చు అల్లుడు నాకు చెప్పలేదు, నేను అడగలేదు. మేము తిరిగి వచ్చాక ఆ బండి మరి రెండు వేసవులు పనిచేసింది. తర్వాత ఇంజను పోయి తుక్కుకి వెళ్ళింది. ఆ రేకు తలుపు మాత్రం విప్పి దాచానని అల్లుడు ఫోనులో చెప్పాడు.

మన ఇళ్ళలో గడ్డి బండ్లు లేకపోవచ్చు. పాత మిక్సీలు, నీళ్ళ మోటార్లు, పిండి గ్రైండర్లు ఉన్నాయి. మన చేతులు ఊరుకోవు. బాగుచేయండి, వద్దనను. అయితే బెల్టు మీద గార్డు, మోటారుకి ఎర్తు వైరు, మిక్సీ మూత లాకు, వీటిని చివరి పనిగా పెట్టుకోకండి. "అన్నీ అయ్యాయా" అని ఇంట్లోవాళ్ళు అడిగితే, అయినవేవో కానివేవో ఉన్నదున్నట్టు చెప్పండి. మనం చార్జిమాన్లమనే నమ్మకంతోనే వాళ్ళు పిల్లల్ని మన దగ్గర వదులుతున్నారు.